ఒకానొక సంఘం పాతికేళ్ల చరిత్ర

ఈ చరిత్ర రాయడానికి నాకు ఆరు నెలలు పట్టింది. చెరపడానికి మార్కండేయులుగారికి ఒక మధ్యాహ్నం చాలింది. అదీ నేను తెప్పించిన టీ తాగుతూ, నా కలంతోనే. ఆయన్ని నిందించడానికి చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడం చరిత్రకారుడి ధర్మం కనుక చెబుతున్నాను.

నేను మునిసిపల్ హైస్కూల్లో ముప్పయ్యొక్కేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా పెదగరువు హైవే మీది ఊరు. ఆగని లారీ లేదు, ఆగాక టీ తాగని డ్రైవరు లేడు. ఆ ఊళ్లో 'తోడు' అనే సంఘం ఉంది. హెచ్‌.ఐ.వి. గురించి జనానికి నాలుగు తెలివైన మాటలు చెప్పడం, అది వచ్చినవాళ్లకు అండగా నిలబడటం దాని పని. పాతికేళ్ల పండగ దగ్గర పడుతోందని, సంఘం చరిత్ర పుస్తకంగా రాసిపెట్టమని రామతులసమ్మగారు నన్ను అడిగారు. ఆవిడ అడిగితే కాదనే మగాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు.

రామతులసమ్మగారిది ఒకప్పుడు లారీ స్టాండు పక్కన భోజన హోటలు. అందులో వడ్డించే గంగరాజు అనేవాడికి ఆ జబ్బుందని తేలింది. వాడి చేత్తో వడ్డిస్తే తినమని జనం అన్నారు. "అయితే మానెయ్యండి" అంది ఆవిడ. జనం నిజంగానే మానేశారు. హోటలు మూతపడింది. మిగిలినవల్లా నాలుగు పెద్ద గుండిగలు, గంగరాజు. ఆ గుండిగలతోనే శుక్రవారం మధ్యాహ్నం భోజనం పెట్టడం మొదలుపెట్టింది. అదే సంఘం పుట్టుక.

ఆ భోజనానికి ఒక పద్ధతుంది. బంతిగా కూర్చోవాలి, ఒకే వరస. ఎవరైనా రావచ్చు. లారీ క్లీనర్లు, తాపీ పనివాళ్లు, వార్డు మెంబరు, పిల్లల డాక్టరు, నాలాంటి పింఛనుదారులు, జబ్బున్నవాళ్లు, లేనివాళ్లు, ఉందో లేదో తెలియనివాళ్లు. అందరూ పక్కపక్కనే. తిన్నాక ఓ అరగంట పరీక్షల గురించీ మందుల గురించీ మాటలు. ఎవరికుందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నేను మొదట ఆవిడ గోంగూర పప్పు కోసం వెళ్లి, తర్వాత ఉండిపోయాను. నాలుగేళ్లు ఆ బంతిలో కూర్చున్నా, ఎవరు రెండోసారి అన్నం అడుగుతారో తెలిసింది తప్ప ఎవరికి ఏముందో నాకు తెలియలేదు.

సంఘం నడిచేది మునిసిపాలిటీవారి పాత హాల్లో. ఆ హాలు గడువు ఈ ఏటితో ముగుస్తోంది. ఇంకో పదేళ్లు ఇవ్వాలంటే ప్రాంతీయ గోప్యతా ప్రమాణాల మండలి నుంచి సర్టిఫికెట్టు తేవాలన్నారు. జబ్బున్నవాళ్ల వివరాలు బయటపడకుండా చూడటం ఈ మండలి పని. మంచి పనే. తాళం మంచిదే, ఇంటివాళ్లను బయట పెట్టి వేయనంతవరకు.

మండలి తరఫున సమన్వయాధికారి మార్కండేయులుగారు వచ్చారు. జీపు దిగి గుమ్మం ముందే ఆగిపోయారు.

"ఈ బోర్డేమిటి?" అన్నారు.

"సంఘం బోర్డేనండి. హెచ్‌.ఐ.వి. అవగాహన, ఆసరా అని రాసుందండి" అంది రామతులసమ్మ.

"అనగా, ఈ బోర్డు కింద ప్రవేశించు ప్రతి వ్యక్తి సదరు వ్యాధిగ్రస్తునిగా బహిర్గతమగుచున్నాడు. తక్షణమే తొలగించండి."

"పోస్ట్‌మ్యాన్‌గారు కూడా దీని కిందనుంచే వత్తారండి."

"అతని గోప్యత సైతం ప్రమాదంలో ఉన్నది" అన్నారు మార్కండేయులుగారు, ఎంతో బాధగా.

బోర్డు తీసేశాం. కొత్తగా వచ్చేవాళ్లకు దారి తెలియక పక్కనున్న పిండిమిల్లులోకి వెళ్లి వాళ్ల కష్టాలు చెప్పుకోసాగారు. మిల్లు యజమాని వచ్చి, జనం ఏడుపు వినలేక పిండి బరకగా పడుతోందని ఫిర్యాదు చేశాడు. ఆ సంగతి మండలికి రాస్తే, బోర్డు పెట్టుకోవచ్చుగానీ అందులో సంఘం పేరు, పని, ఉనికి తెలియరాదని జవాబొచ్చింది. బాగా ఆలోచించి 'ఇక్కడ ఏమీ లేదు' అని రాయించాం. ఊళ్లో ఏమీ లేని చోట్లు చాలా ఉన్నా, అలా రాసుకున్నది మాదొక్కటే. వారం తిరక్కుండా ఆటోవాళ్లు బస్టాండులో "ఏమీ లేదు, ఏమీ లేదు, ఒక్కరు ఎక్కితే ఎల్లిపోద్ది" అని కేకలు పెట్టసాగారు.

తర్వాత పేర్లు పోయాయి. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇవ్వాలన్నారు. ఇచ్చాం. నంబరు గుర్తుంటే మనిషి గుర్తుంటాడు కనుక వారం వారం మార్చాలన్నారు. మార్చాం. ఎవరి నంబరు ఏదో రాసిన పుస్తకం బీరువాలో ఉండాలి, బీరువా తాళం మండలి ఆఫీసులో ఉండాలి. అది ఎనభై కిలోమీటర్ల దూరం.

ఒక సోమవారం నూకరత్నం వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. చేపల మార్కెట్టులో రొయ్యలు ఒలిచే పని. బంతిలో ఎప్పుడూ నా కుడిపక్క కూర్చుంటుంది. జిల్లా ఆసుపత్రికి వెళ్లడానికి బస్సు పాసు కావాలి, దానికి సంఘం ఉత్తరం ఇవ్వాలి. ఆ వేళకు మార్కండేయులుగారు అక్కడే ఉండి పని పరిశీలిస్తున్నారు.

"మీ నంబరు?" అన్నారు.

"నాకెవరూ సెప్పలేదండి."

"చెప్పవలెనన్న ముందు మీరెవరో మాకు తెలియవలెను. మీరెవరో తెలుసుకొనుట నిషిద్ధము."

"నేను నూకరత్నాన్నండి బాబూ!"

ఆయన చెవులు మూసుకున్నారు. "మేడమ్! నేను వినలేదు. మేష్టారూ, మీరు విన్నారా?"

"లేదండి" అన్నాను. ఆ గుమ్మంలో అబద్ధమే ఆచారమైపోయింది.

"ఏ ఆసుపత్రికో, ఎందుకో కూడా చెప్పరాదు. సామాన్య ప్రయాణముగా దరఖాస్తు చేసుకొనవచ్చును."

నూకరత్నానికి ఒళ్లు మండింది. "ఏటండీ ఈ గోల! నాకు హెచ్చైవీ ఉందండి. మందులకి ఎల్లాలండి. పదమూడేళ్లబట్టి ఎల్తన్నాను. ఉత్తరం ఇత్తారా, ఇవ్వరా?"

కిటికీలోంచి పిండిమిల్లు జనం తొంగిచూశారు. నాలుగేళ్లు పక్కన కూర్చుని తిన్నా నాకు తెలియని సంగతి, గోప్యత పుణ్యమా అని ఆ రోజు వీధంతటికీ తెలిసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. మార్కండేయులుగారు మాత్రం పుస్తకంలో 'ఒక అజ్ఞాత వ్యక్తి అజ్ఞాత విషయమును వెల్లడించినారు' అని రాసుకున్నారు. చివరికి "ఈ ఉత్తరం తెచ్చినవారు ఎవరైనప్పటికీ వారికి పాసు ఇవ్వగలరు" అని నేనే రాసిచ్చాను. బస్టాండులో గుమాస్తా అది చదివి, "ఇంత ఉదారమైన ఉత్తరం నా సర్వీసులో చూడలేదు" అని పాసు ఇచ్చాడట.

ఆ తర్వాత తెర వచ్చింది. ధైర్యం చెప్పే కౌన్సిలరు హేమలత ఒకవైపు, వచ్చినవాళ్లు ఇంకోవైపు. ఇద్దరికీ మొహాలు కనబడవు. గొంతు గుర్తుపడతారని రెండోవైపువాళ్లు మాట్లాడటం కూడా ఆపేశారు. దగ్గితే ఔను, గోడ మీద తడితే కాదు. ఒకరోజు గ్యాస్ బండ తెచ్చిన ఏసుబాబును ఎవరో తెర వెనక కూర్చోబెట్టేశారు. హేమలత అతనికి నలభై నిమిషాలు ధైర్యం చెప్పింది. జీవితం ఇక్కడితో అయిపోలేదంది. అతను దగ్గాడు. ఇంట్లోవాళ్లు మాట వింటున్నారా అంది. గోడ పగిలేటట్టు తట్టాడు. బయటికి వచ్చి, "నా మాట ఇంతసేపు ఎవరూ ఇన్లేదండి మేష్టారూ, నేనసలు మాటాడకపోయినా" అని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత బండ లేకపోయినా వారం వారం వచ్చేవాడు.

ఇక నా చరిత్ర. నూట పన్నెండు పేజీలు. మొదటి వాక్యం ఇలా ఉండేది: "1999వ సంవత్సరం శ్రావణ మాసంలో, పెదగరువు లారీ స్టాండు పక్కన, రామతులసమ్మ అనే హోటలు యజమానురాలు, హెచ్‌.ఐ.వి. వచ్చిన గంగరాజును పనిలోంచి తీసేయనందుకు హోటలు పోగొట్టుకొని, 'తోడు' సంఘాన్ని ప్రారంభించింది."

మార్కండేయులుగారు దిద్దిన తర్వాత ఇలా అయింది: "ఒకానొక సంవత్సరం ఒకానొక మాసంలో, ఒకానొక చోట, ఒకానొక వ్యక్తి, ఒకానొక కారణంచేత ఒకానొకటి పోగొట్టుకొని, ఒకానొకదాన్ని ప్రారంభించడమైనది."

"ఇప్పుడు ప్రమాణబద్ధముగా ఉన్నది" అన్నారు.

ఫొటోల్లో మొహాలకు నల్లరంగు పూశారు. చీరలు గుర్తుపడతారని మనుషులకు పూర్తిగా పూశారు. మిగిలినవి గోడలు. గోడనుబట్టి హాలు తెలుస్తుందని వాటికీ పూశారు. ముప్పై ఆరు నల్లని బొమ్మలు, కింద 'సంఘ కార్యక్రమాల దృశ్యమాలిక' అని అచ్చు.

అన్నీ సహించిన రామతులసమ్మ ఒక్కచోట మాత్రం ఆగింది. "గంగరాజు పేరు ఉండనివ్వండి సారూ. ఆడు పోయి ఇరవై రెండేళ్లయిపోయింది. పోయేముందు, నా పేరు ఎక్కడన్నా రాయండమ్మా అన్నాడు."

"లిఖితపూర్వకముగా అన్నారా?"

"ఆడికి సదువు రాదండి."

"అట్లయిన సమ్మతి లేనట్లే" అని, గంగరాజును కొట్టేశారు. ఆ గీత కాగితం కిందదాకా దిగింది. నాకు ఆయన చేతిలోంచి కలం లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. హాలు కావాలిగదా. రామతులసమ్మ లోపలికి వెళ్లి బియ్యం ఏరుతూ కూర్చుంది.

పండగ వారంలో అసలు పిడుగు పడింది. మండలి డైరెక్టరుగారు స్వయంగా వస్తారని, పాతికేళ్ల శుక్రవారం భోజనాన్ని చూసి సర్టిఫికెట్టు ఇస్తారని కబురొచ్చింది. దాంతోపాటు ఒక ఉత్తర్వు. "బంతి భోజన విధానమందు లబ్ధిదారులు ఒకరినొకరు దర్శించుచున్నందున, తక్షణమే వ్యక్తిగత ఆహార గోప్యతా కక్ష్యలు ఏర్పాటు చేయవలెను. ఎవరి కంచము వారికి విడిగా ఉండవలెను. కంచము మీద గుర్తు ఉండవలెను."

గురువారం మధ్యాహ్నానికి హాలు నిండా ప్లైవుడ్డు గదులు లేచాయి. ముప్పై. ఒక్కోటి మనిషి మోకాళ్లు ముడుచుకుంటే పట్టేంత. ముందు ఆకుపచ్చ తెర. లోపల ఒక కంచం, ఒక గ్లాసు, వాటి మీద ఎర్ర రంగు గుర్తు. కొలతలు వేసి ఇచ్చినవాణ్ణి నేనే. తెలుగు మేష్టార్లకు చెప్పిన పని చేసే జబ్బు పుట్టుకతోనే ఉంటుంది.

అప్పుడే కూరగాయలు తరగడానికి నూకరత్నం వచ్చింది. ఒక గదిలో తెర ఎత్తి చూసింది. కంచం చేతిలోకి తీసుకుంది. ఎర్ర గుర్తు మీద బొటనవేలితో రుద్దింది.

"ఇదేటండీ మేష్టారూ?"

"కక్ష్య అంటారమ్మా. గోప్యత కోసం."

"మా అత్తగారు పదమూడేళ్ల కితమే కట్టేసిందండి ఇది. పెరట్లో, కోళ్లగూడు పక్కన. నా కంచం ఏరు, నా గ్లాసు ఏరు. ఎర్ర గుర్తు కూడా ఏసిందండి, పిల్లలు పొరపాట్న ముట్టుకుంటారని. తెర ఒక్కటే తక్కువ. మరి ఆవిడకెవరూ సర్టిఫికెట్టివ్వలేదే?"

నాకు సిగ్గేసింది. ఇంత వయసొచ్చి, ఇంత చదివి, కొలతలు వేసేటప్పుడు నాకు ఆ ముక్క తట్టలేదు.

"శుక్రవారం ఒక్కరోజేనండి నేను మడుసుల పక్కన కూకుని తినేది" అంది ఆవిడ. కంచం జాగ్రత్తగా దాని చోట్లో పెట్టేసి, వంకాయలు తరగడానికి కూర్చుంది.

నేను రామతులసమ్మ దగ్గరికి వెళ్లాను. "ఏం చేద్దామమ్మా? కాదంటే హాలు పోతుంది."

"హాలు పోతే రోడ్డు మీద పెడతాను మేష్టారూ. బంతి తెగిపోతే మట్టుకు ఇంకేటి పెట్టినా దండగ" అంది. తర్వాత కొంచెం ఆలోచించి, "రేపు ఆళ్లకి ముందు వడ్డించేద్దాం. పెద్దోళ్లు కదా" అంది.

శుక్రవారం డైరెక్టరుగారు వచ్చారు. మంచి ఎత్తరి. నల్లని బూట్లు మిలమిలలాడుతున్నాయి. రిబ్బను కత్తిరించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. "గోప్యత అనునది ఒక సేవ కాదు, ఒక సంస్కృతి. మనిషిని మనిషి చూడని నాడే మనిషికి పూర్ణ గౌరవము లభించును" అన్నారు. మార్కండేయులుగారు చప్పట్లు కొట్టి, "తొలి కక్ష్యను డైరెక్టరుగారు స్వయముగా భుజించి ప్రారంభించెదరు. రెండవ దానిని నేను" అని ప్రకటించారు. ఇద్దరూ వంగి లోపలికి దూరారు. తెరలు పడ్డాయి. రామతులసమ్మ ఆ ఇద్దరికీ కొసరి కొసరి వడ్డించింది, పులిహోర, గారెలు, పప్పు, తొందరగా లేవకుండా.

మిగతా కక్ష్యల ముందు జనం నిలబడి ఉన్నారు. అరవై మంది, వంతులవారీగా తినాలి. ఎవరూ కదల్లేదు. నూకరత్నం తనకు ఇచ్చిన కంచాన్ని గది బయట పెట్టి, రెండు వరసల ప్లైవుడ్డు మధ్య ఖాళీలో నేల మీద కూర్చుంది. విస్తరాకు తెచ్చుకుని ముందు వేసుకుంది. పదేళ్ల హాలు ఆ ఆకు మీద ఉంది. నేను వెళ్లి ఆవిడ ఎడమపక్కన, నా చోట్లో కూర్చున్నాను. తర్వాత వార్డు మెంబరు, తాపీ పనివాళ్లు, హేమలత. చూస్తుండగానే బంతి ఈ గోడ నుంచి ఆ గోడకు సాగింది. డైరెక్టరుగారి జీపు డ్రైవరు కూడా చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు ఆలస్యంగా ఏసుబాబు వచ్చాడు. ప్రారంభోత్సవం చూడలేదు. ముప్పై గదుల్లో రెండింటికే తెరలు వేసి ఉండటం, తెరల కింద బూట్లు కనబడటం చూశాడు.

"లోపలెవరండీ?" అన్నాడు.

"అడక్కూడదు నాయనా" అంది రామతులసమ్మ, పప్పు వడ్డిస్తూ.

"అయ్యో పాపం. బూట్లు సూత్తే బాగా ఉన్నోళ్లలాగున్నారే."

"ఉన్నోళ్లకి రాకూడదనేముంది?"

తెర వెనక గారె ముక్క గొంతుకు అడ్డం పడిందేమో, డైరెక్టరుగారు దగ్గారు.

"దగ్గు కూడా ఉందండోయ్" అన్నాడు ఏసుబాబు. ఆ దగ్గుకు హేమలత అలవాటు కొద్దీ, "ఔనంటున్నారు" అంది.

బంతి అంతా ఆ తెరల వైపు జాలిగా చూసింది. నూకరత్నం గొంతు పెంచింది. "బాబుగారూ, భయపడకండి. మందులు రోజూ ఏసుకుంటే ఏటీ అవదండి. నేను పదమూడేళ్లబట్టి ఏసుకుంటన్నాను, రొయ్యలు ఒలుత్తన్నాను, తింటన్నాను, తిరుగుతన్నాను. పరీచ్చ సేయించుకోడానికి సిగ్గు పడకండి. సిగ్గుపడాల్సింది కంచం ఏరెట్టేవోళ్లు."

మార్కండేయులుగారు తెర చింపుకొని బయటికి వచ్చారు. వెనకాలే డైరెక్టరుగారు, చేతిలో ఎర్ర గుర్తు కంచంతో.

"ఇది ఘోర ఉల్లంఘన! లబ్ధిదారులు ఎవరెవరు? తక్షణమే కక్ష్యల్లోకి వెళ్లవలెను!"

ఎవరూ లేవలేదు. పిల్లల డాక్టరు చారు జుర్రుకున్నాడు.

"ఎవరో సెప్పమంటే రూలు ఒప్పుకోదు కదండీ" అంది రామతులసమ్మ. "మీరే పోల్చుకోండి."

మార్కండేయులుగారు బంతి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. అరవై మొహాలు, అరవై ఆకులు. డాక్టరు దగ్గర ఒక క్షణం ఆగారు. ఏసుబాబు దగ్గర రెండు క్షణాలు ఆగారు. డైరెక్టరుగారి జీపు డ్రైవరు దగ్గర చాలాసేపు ఆగారు. డ్రైవరు "వంకాయ బాగుంది సార్" అన్నాడు. ఆఖరికి ఆయన తనను తానే ప్రకటించుకున్న ఒకే ఒక్క మనిషి ముందు నిలబడి నోరు తెరిచారు. నూకరత్నం చెయ్యి ఆపి, తలెత్తి చూసింది. ఆయన నోరు మూసుకున్నారు.

హాలు పదేళ్లకు పొడిగించారు. సర్టిఫికెట్టులో ఇలా ఉంది: "తనిఖీ బృందము ఎంత ప్రయత్నించినను ఎవరు ఎవరో గుర్తింపజాలకపోయినందున, గోప్యత సంపూర్ణమని ధ్రువీకరించడమైనది." పాతికేళ్లుగా మేం చేస్తున్నది ఇదేనని వాళ్లకు చెప్పడానికి మాకు ముప్పై ప్లైవుడ్డు గదులు అవసరమయ్యాయి.

కానీ ఆ రోజు సంగతి ఇంకా ఒకటి మిగిలింది. డైరెక్టరుగారు కంచం పట్టుకుని హాలు మధ్యలో నిలబడిపోయారు. తిరిగి ఆ గదిలోకి వెళ్లబుద్ధి కాక, బయట ఎక్కడ నిలబడాలో తెలియక. నూకరత్నం నన్ను పక్కకు జరగమని మోచేత్తో పొడిచి, తనూ కాస్త జరిగి, మా ఇద్దరి మధ్యా నేలను చేత్తో తుడిచింది.

"రండి బాబూ, ఇక్కడ కూకోండి. ఒక్కరే కూకుని తింటే ముద్ద దిగదండి. నాకు తెల్సు" అంది.

ఆయన కూర్చున్నారో లేదో గోప్యతా నియమాల ప్రకారం నేను చెప్పకూడదు. నా పక్కన ఎవరో ఒకానొక వ్యక్తి మాత్రం రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నారు.